కీర్తిశేషులు రావి నారాయణరెడ్డిగారు

మన వార్షిక మహాసభల సంచికలయందు సాధారణముగా దాతల చరిత్రములును, సంస్థానాధిపతుల చరిత్రములును, ఉన్నతోద్యోగములు నిర్వహించిన పెద్దల చరిత్రములును ప్రకటింపబడుచుండును. అవి ఉండదగినవే. ఈ పర్యాయము నల్లగొండ, మహబూబునగరము జిల్లాల ప్రాంతమునుండి ఒక మహాపురుషుని జీవితమును వ్రాసి పంపుడని కార్యకర్తలు మమ్ము కోరిరి. మేము రావి నారాయణరెడ్డిగారిని ఎన్నుకొంటిమి. ఈ పేరు చూచి కొందఱు పెద్దలు కనుబొమలు ముడుతురని యెఱుగుదుము. వారు నిజాము ప్రభుత్వముతోనే గాక, గ్రామములలో ఆ ప్రభుత్వమునకు స్తంభములై నిలిచిన దేశముఖులతోను, భూస్వాములతోను పోరాడిరి. ఆ దేశముఖులలో పెక్కండ్రు మన కులమువారే. నారాయణరెడ్డిగారును మన కులమువారే, భూస్వామి యింటి బిడ్డయే. ఆయన మావాడని చెప్పుకొనుచు, ఆయన యెవరి నెదిరించెనో దాచిపెట్టుట న్యాయము గాదు. కావున ఉన్నది ఉన్నట్లుగా చెప్పుచున్నాము. చదువరులు సహృదయముతో చిత్తగింతురుగాక.

ఈ యెన్నికకు మఱియొక కారణము కలదు. పెండ్లిపందిళ్లలోను, రచ్చబండలయొద్దను ఒక వాదము తఱచుగా మా చెవిని బడుచుండును. దేశమునకు స్వాతంత్ర్యము అహింసామార్గమున వచ్చినదందురుగాని, తెలంగాణమునకు తుపాకివలననే విముక్తి కలిగినదని కొందఱు. కాదు, సర్దారు పటేలుగారి సైన్యమువలననే కలిగినదని కొందఱు. సత్యాగ్రహ మిచ్చట జరుగనే లేదన్నట్లు ఉభయపక్షములవారును మాటలాడుదురు. జరిగినది. ఆ దారిని మొదట నడచిన మన ప్రాంతీయులలో నారాయణరెడ్డిగా రొకరు. ఆ దారిని విడిచి ఆయుధము పట్టుటకు పిలుపిచ్చినవారిలోను వా రొకరు. ఆయుధమును దింపవలెనని తమ పక్షమువారితోనే వాదించినవారిలోను వారే ముందుండిరి. ఒక్క జీవితమున మూడు ఘట్టములు! వాదము చేయువారు ఈ జీవితమును చూచి మఱి వాదింతురుగాక.

నారాయణరెడ్డిగారు 1908వ సంవత్సరము జూను మాసమున నల్లగొండ జిల్లా భువనగిరి తాలూకా బొల్లేపల్లి గ్రామమున జన్మించిరి. కలిగిన కుటుంబము. అప్పటి హైదరాబాదు రాజ్యము 82 వేల చదరపు మైళ్లకు పైబడినది. ప్రజలలో సగముమందికి దగ్గఱగా తెలుగువారు, రాజభాష ఉర్దూ. దివానీ భూములు పోగా, రాజ్యములో రమారమి నాలుగుదశాంశముల భూమి జాగీరుదారులక్రిందను, నిజాముగారి స్వంతమైన సర్ఫేఖాసుక్రిందను ఉండెను. కృష్ణ కావలి యొడ్డున తెలుగువాడు పత్రిక చదువుచు, సభ జరుపుకొనుచు, ప్రభుత్వమును దూషించి చెఱసాలకు పోవుచుండగా, ఈ యొడ్డున తెలుగువాడు గ్రంథాలయము పెట్టుకొనుటకుగూడ అధికారి మొగము చూడవలసియుండెను. 1921లో హైదరాబాదున జరిగిన యొక సంస్కరణ సభలో తెలుగున ప్రసంగింపబోయిన అల్లంపల్లి వెంకటరామారావుగారిని శ్రోతలు హేళన చేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఈ కథ అందఱెఱిగినదే గనుక విస్తరింపము.

నారాయణరెడ్డిగారు పై చదువులకు హైదరాబాదు చేరిరి. మన పిల్లల చదువులకై 1918లో రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికతో నెలకొనిన రెడ్డి వసతిగృహము అప్పుడు తెలంగాణపు యువకులకు ఆలోచనా నిలయముగా నుండెను. కోత్వాలుగారు నిజాముగారి నగరరక్షణాధికారి. వారు పెంచిన వసతిగృహమునుండి నిజాము పాలనను ప్రశ్నించు యువకులు బయలుదేఱుట విధివిలాసము. ఆ వసతిగృహ నిర్వహణమును చూచినవారు మహబూబునగరము జిల్లావారగు సురవరము ప్రతాపరెడ్డిగారు. వారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, ప్రభుత్వపు కంటికి నలుసై, రెండు దశాబ్దములకు పైగా నడపిరి. 1929లో ప్రభుత్వము గస్తీ నిశాన్ 53 అను ఉత్తరువును వెలువరించెను. సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెను. పదిమంది కూడినచోట రాజద్రోహ మున్నదని యెంచిన ఉత్తరు వది. 1930లో జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ ఈ నిర్బంధములలోనే జరిగినది. సభ జరుపుటయే ఒక ధిక్కారమైన రోజు లవి.

ఆ 1930లోనే మహాత్మాగాంధిగారు దండియాత్ర చేసి ఏప్రిలు 6వ తేదీన ఉప్పు చట్టమును భంగపఱచిరి. స్వదేశ సంస్థానములలో కాంగ్రెసు పేర ఉద్యమము నడపుట అప్పటి కాంగ్రెసువారి విధానము గాదు. కావున నిజాము ప్రజలలో ఉత్సాహముగలవాడు ఎల్ల దాటి పోవలసినదే. నారాయణరెడ్డిగారు కళాశాల చదువు విడిచి కాకినాడకు పోయి ఉప్పు సత్యాగ్రహమున చేరిరి. అప్పటికి వారికి 22 ఏండ్లు నిండవలసియుండెను. సముద్రమే లేని నల్లగొండ జిల్లా బిడ్డ ఉప్పునీరు కాచుటకు పోయెను! ఇంటివారికి ఇది పిచ్చిగా తోచియుండవచ్చును. కాని ఆ కొలదికాలములోనే వారు చూచినది జీవితాంతము నిలిచెను: ఆయుధము లేని సామాన్యుడు భయము విడిచినచో ప్రభుత్వము ఏమిచేయుటకును తోపక నిలుచునని.

ఇక్కడ మా వృత్తినిబట్టి ఒక మాట. పాఠశాలలో సత్యాగ్రహ శబ్దమునకు అర్థ మడిగినప్పుడు పిల్లలు పెక్కండ్రు సత్యముకొరకు కోపపడుట యని చెప్పెడివారు. తెలుగున ఆగ్రహమనగా కోపమే గదా! సంస్కృతమున ఆగ్రహ శబ్దమునకు గట్టిగా పట్టుట యని అర్థము. సత్యమును పట్టి విడువకుండుట సత్యాగ్రహము. పిల్లలను సరిదిద్దుచునే, ఈ తెలుగు అర్థము పూర్తిగా తప్పుగాదేమో యని మాకు తోచుచుండెడిది. అన్యాయమును చూచి మండనివాడు సత్యమును పట్టుకొననే పట్టుకొనడు. నారాయణరెడ్డిగారియందు పట్టుదలయు కలదు, మంటయు కలదు. వారి జీవితమున మార్పులన్నియు ఈ రెంటి పెనుగులాటయే.

కాకినాడనుండి మఱలివచ్చి వారు ఆంధ్రమహాసభ కార్యమున నిమగ్నులైరి. 1931లో రెండవ మహాసభ నల్లగొండ జిల్లాలోని దేవరకొండయందు, మహబూబునగరము జిల్లావారగు బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన జరిగెను. 1936లో అయిదవ మహాసభ అప్పటి మహబూబునగరము జిల్లాలోని షాదునగరున కొండా వెంకటరంగారెడ్డిగారి అధ్యక్షతన జరిగెను. తీర్మానములు వినయముతో కూడినవి: పాఠశాలలు కావలెను, గ్రంథాలయములు కావలెను, వెట్టి పోవలెను అని మనవులు. మనవి చేయుటగూడ ధైర్యమే యైన కాలము గనుక దీనిని తేలికగా చూడరాదు.

ఈ సంవత్సరములలో నారాయణరెడ్డిగారు హరిజన సేవక సంఘమునకు హైదరాబాదు రాజ్యమున కార్యదర్శిగా పనిచేసిరి. హరిజన బాలురకు వసతిగృహములు నడపిరి. గాంధిగారు 1934లో తమ హరిజన యాత్రలో హైదరాబాదునకు వచ్చిరి. కలవారింటి రెడ్డి యువకుడు హరిజన వాడలలో తిరుగుచు పిల్లలను బడికి పంపుడని బ్రతిమాలుట అప్పటికి చూడనిది. సత్యాగ్రహము చెఱసాలలో మొదలగునని కొంద ఱనుకొందురు. మా యభిప్రాయమున అది ఇంటి గడపలోనే మొదలగును. తన కులము, తన యింటి మర్యాద అడ్డు నిలిచినప్పుడు దాటగలిగినవానికి పోలీసువాని లాఠీ యంత దాటరానిది గాదు.

ఇక 1938. ఈ సంవత్సరమును గూర్చి నిలిచి చెప్పవలెను. ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెసు మహాసభ, సంస్థానముల ప్రజలు తమ పోరాటమును తామే నడుపుకొనవలెనని తీర్మానించెను. ఆ యేడు మైసూరున, తిరువాన్కూరున, రాజకోటయందు ప్రజలు లేచిరి. హైదరాబాదున స్టేటు కాంగ్రెసు స్థాపింప సంకల్పించిరి. అది పుట్టకమునుపే, సెప్టెంబరులో, ప్రభుత్వము దానిని నిషేధించెను. పుట్టని బిడ్డకు మరణశాసనము! మతసంస్థ యని, బయటివారి ప్రేరణ యని కారణములు చెప్పిరి. సత్యాగ్రహమునకు సమితి యేర్పడెను. అక్టోబరు 24వ తేదీన మొదటి జట్టు నగరవీథిలోనికి వచ్చి, తాము నిషిద్ధమైన స్టేటు కాంగ్రెసు సభ్యులమని ప్రకటించి, పోలీసులకు దొరకిపోయెను. ఆ జట్టున అయిదుగురు: గోవిందరావు నానల్, రామకృష్ణ ధూత్, జనార్దనరావు దేశాయి, శ్రీనివాసరావు బోరీకర్, రావి నారాయణరెడ్డి. మరాఠీవారు, కన్నడమువారు, తెలుగువారు కలసి ఒక జట్టుగా చెఱసాలకు పోవుట ఆ రాజ్యమున క్రొత్త సంగతి. తెలుగువారి పక్షమున ఆ మొదటి జట్టులో నిలిచినవారు మన నల్లగొండ జిల్లావారు. మూడుదినముల పిమ్మట స్వామి రామానందతీర్థగారు తమ జట్టుతో వెళ్లిరి. తరువాత జట్టులు వెనువెంట సాగినవి. ఆ దినములలోనే ఉస్మానియా విద్యార్థులు వందేమాతరము పాడినందుకు కళాశాలలనుండి వెళ్లగొట్టబడిరి. పెక్కండ్రు చదువు ముగించుకొనుటకు నాగపురము పోవలసివచ్చెను. తదనంతర కాలమున ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావుగారు వారిలో నొకరు.

సత్యాగ్రహము సరిగా రెండు మాసములు నడచినది. డిసెంబరు 24వ తేదీన దానిని నిలిపివేసిరి. అదే కాలమున ఆర్యసమాజమువారును, హిందూమహాసభవారును మతవిషయములపై తమ సత్యాగ్రహములను నడుపుచుండిరి. మూడును కలసిపోయి బాధ్యతాయుత ప్రభుత్వపు కోరిక మతకలహముగా కనబడునని గాంధిగారు భయపడి ఆపుడని సలహా ఇచ్చిరి. సలహా యుక్తమైనదే యని మా నమ్మకము. కాని చెఱసాలలోనున్నవారికి అది మ్రింగుడుపడని యుక్తము. ప్రభుత్వమునకు భయము పోయెను, కార్యకర్తలకు దారి పోయెను. స్టేటు కాంగ్రెసుపై నిషేధము 1946 వఱకు తొలగలేదు. 1940లో గాంధిగారి యనుమతితో రామానందతీర్థగారు కొలదిమందితో వ్యక్తిసత్యాగ్రహము చేసి మఱల చెఱకు పోయిరి. అప్పటికి నారాయణరెడ్డిగారు వేఱు త్రోవను పట్టియుండిరి. బెజవాడ ప్రాంతపు కమ్యూనిస్టుల సాంగత్యమున వారును, బద్దము ఎల్లారెడ్డిగారును ఆ పక్షమున చేరిరి. 1942లో దేశమంతయు క్విట్ ఇండియా యని లేచినప్పుడు, యుద్ధమును గూర్చిన తమ పక్షపు విధానమునుబట్టి వా రా యుద్యమమునకు దూరముగా నుండిరి. ఇది వారి జీవితమున లోటని పలువురు జాతీయవాదు లెంచిరి. మేమును అట్లే యెంచుదుము.

అయినను, అదే కాలమున వారు చేసిన మఱియొక పని సత్యాగ్రహమునకు ఎక్కువ దగ్గఱగా నున్నదని మా దృఢమైన యభిప్రాయము. ఎట్లనగా, 1938 సత్యాగ్రహము నగరపు వీథులలోను, పట్టణములలోను జరిగినది. చెఱకు పోయినవారు చదువుకొన్నవారు. బొల్లేపల్లి చాకలికి, చిలుకూరు మాదిగకు బాధ్యతాయుత ప్రభుత్వమన్న మాట తెలియదు. వానికి తెలిసిన ప్రభుత్వము వెట్టి.

ఈ కాలపు చదువరులలో చిన్నవారికి వెట్టి యనగా నేమో చెప్పవలసియున్నది. ఊరిలోనికి అధికారి వచ్చినచో కుమ్మరి కుండలు తేవలెను, నీరు మోయవలెను. చాకలి బట్టలుదుకుటయే గాక దొరగారింట అంట్లు తోమవలెను. గొల్లవాడు గొఱ్ఱెను తోలి ఈయవలెను. మాదిగ చెప్పులు, మోటబొక్కెనలు ఉచితముగా కుట్టి ఈయవలెను. ఊరూరికి చీటి మోయవలెను. బోయీలు మేనా మోయవలెను. దొరగారి పొలమున నాగలి కట్టనిది రైతు తన పొలమున కట్టరాదు. కోమటి సామానులు దొర చెప్పిన ధరకే ఈయవలెను. కూలి లేదు. వెట్టిని నిషేధించు ఆజ్ఞలు నిజాము ప్రభుత్వపు కాగితములలో నుండెను. కాగితము గడి గోడ దాటి లోనికి రాలేదు. ఇక యుద్ధకాలమున ధాన్యపు లెవీ వచ్చిపడెను. చిన్న రైతు తినుటకుంచుకొన్న గింజలు పోయెను, పెద్ద గాదెలు లెక్కకు రాకపోయెను. వీనిని నడపినవారిలో మన పూర్వులున్నారు. మన గ్రామములలో వృద్ధులు ఇంకను ఈ మాటలు చెప్పుచునే యుందురు. వినుట కష్టమైనను వినవలెను.

1941లో నల్లగొండ జిల్లా హుజూరునగరు తాలూకా చిలుకూరులో జరిగిన ఎనిమిదవ ఆంధ్రమహాసభకు నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి. 1944లో భువనగిరి మహాసభకు మఱల వారే అధ్యక్షులు. మితవాదులు విడిపోయిరి, సభ రెండుగా చీలెను. భువనగిరిలో జరిగిన ముఖ్యమైన పని యేదనగా, సభ్యత్వ రుసుమును ఒక్క అణాకు దింపిరి. పెద్ద తీర్మానములకంటె ఈ అణాయే యెక్కువ పని చేసినదని చెప్పవచ్చును. వకీళ్లది, వర్తకులది, పటేలు పట్వారీలది అయిన సభ పాలేరులది, చాకలివారిది అయ్యెను. ఊరివా రది యనక సంగము అనిరి. సంగము పెట్టిన ఊరిలో మొదట జరిగినది యొక్కటే: వెట్టికి పోమని చెప్పుట.

ఈ చెప్పుట సామాన్యమైనది గాదు. చాకలి యొకడు గడికి పోక తన యింట కూర్చుండెను. కొట్టిరి, అయినను పోలేదు. మఱునాడు మంగలి పోలేదు. కుమ్మరి కుండలు పంపలేదు. మేనా లేవలేదు. సహాయనిరాకరణమునకు ఇంతకంటె మంచి యుదాహరణము గుంటూరు, చీరాలలయందు దొరకునేమో కాని, మఱెక్కడను సులభముగా దొరకదు. దానికి గాంధిగారి పేరు పెట్టలేదు, ఖద్దరు లేదు, ప్రార్థన లేదు. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన పొలపు పంటను దేశముఖు మనుష్యులకు వదలక, సంగమువారి తోడ్పాటుతో కోసి యింటికి చేర్చుకొనెను. అయితే అహింస పూర్తిగా నుండెనని మేము చెప్పము. సంగమువారి చేతులలో గుతుపలుండెను. దొరలు దానికి గుతుపల సంఘమని పేరుగూడ పెట్టిరి. కాని మొదటి రెండు మూడేండ్ల జయము గుతుపవలన కలిగినది గాదు, పని మానుటవలన కలిగినది. కొట్టుట కెవరున్నారో దొరకు తెలియును. పని చేయుట కెవరును లేకపోవుట దొరకు క్రొత్త.

1946 జూలై 4వ తేదీన ఈ ఘట్టము ముగిసెను. జనగామ తాలూకా కడవెండిలో సంగమువారు ఊరేగింపుగా పోవుచుండగా విసునూరు దేశముఖుల మనుష్యులు కాల్పులు జరిపిరి. దొడ్డి కొమరయ్య యను యువకుడు మరణించెను. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లాలోనిది. అటుపిమ్మట ప్రభుత్వపు సైనికులు ఊళ్లపై బడిరి, సంగము నిషేధింపబడెను. ఊరేగింపునకు తుపాకి యెదురైనప్పుడు చేతిలో గుతుప గలవాడు తుపాకి వెదకుకొనుట సహజము. సహజమైనదెల్ల మేలైనదని గాదు. అయినను, తన బిడ్డ కండ్లయెదుట కాల్చబడినవానికి అహింసను బోధించు అధికారము, ఆ యూరికి పోయి వానిప్రక్కన నిలువని వానికి లేదు. ఆ దినములలో అట్లు నిలిచినవారు మిక్కిలి తక్కువ.

1947లో రెండు దారులును ఒక్కసారిగా కనబడినవి. ఆగస్టు 7వ తేదీని స్టేటు కాంగ్రెసువారు భారత యూనియనున చేరుటకై దినముగా పాటించిరి. ఆగస్టు 15న త్రివర్ణపతాకము నెత్తి రామానందతీర్థగారు చెఱకు పోయిరి. ఊళ్లలో సత్యాగ్రహులు సర్కారు అబ్కారీ ఆదాయము తగ్గించుటకై ఈతచెట్లను నఱకిరి. కరోడ్‌గిరి నాకాలను ధిక్కరించిరి. మఱుసటేడు వకీళ్లు కచ్చేరీలను విడిచిరి. మహబూబునగరము జిల్లా ఆత్మకూరు ప్రాంతమున అప్పంపల్లిలో నిరాయుధులగు గ్రామస్థులు పోలీసు కాల్పులకు బలియైరి. మన రెండు జిల్లాలలో నల్లగొండ తుపాకి పట్టినదని చెప్పువారు అప్పంపల్లిని మఱచుచున్నారు. సెప్టెంబరు 11వ తేదీన రావి నారాయణరెడ్డి, బద్దము ఎల్లారెడ్డి, మఖ్దూము మొహియుద్దీను గారలు సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. తొమ్మిదేండ్ల క్రిందట ఉత్తచేతులతో పోలీసులకు దొరకిపోయిన వ్యక్తి ఇప్పుడు చేవ్రాలు చేసిన పిలుపు అది. రజాకార్ల దౌర్జన్యము ఆ పిలుపునకు ఇంధనమాయెను. ఆ కాలపు రక్తపాతమంతయు ఇక్కడ వ్రాయుట మా యుద్దేశము గాదు, పలువురు వ్రాసియున్నారు.

1948 సెప్టెంబరు 13న ప్రవేశించిన భారతసైన్యమునకు 17వ తేదీన నిజాము లొంగెను. ఇప్పుడు ప్రశ్న వచ్చెను: తుపాకి దింపవలెనా, నిలుపవలెనా? పక్షపు నాయకత్వము నిలుపుటయే నిశ్చయించెను. నారాయణరెడ్డిగారు కాదనిరి. నిజామునకు ఎదురుగా ఊరంతయు మనవెంట నిలిచినది గాని, స్వతంత్రభారత ప్రభుత్వమునకు ఎదురుగా అట్లు నిలువదని వారి వాదము. ప్రజలకు వోటు వచ్చుచున్నప్పుడు, భూమిని గూర్చి చట్టములు రానున్నప్పుడు, అడవులలో దాగి కాల్చుటవలన చచ్చునది బీదవాడే యనిరి. ఈ మాటను వ్రాతమూలముగా ప్రకటించిరి. స్వపక్షీయులు వారిని ద్రోహి యనిరి. ఆ సాయుధ పోరాటమంతటిలో ప్రాణములు గోల్పోయిన పోరాటయోధులు నాలుగువేలమంది యని ఆ పక్షపు లెక్కలే చెప్పుచున్నవి. 1951 అక్టోబరులో పోరాటమును విరమించిరి. మూడేండ్లక్రిందట వారు చెప్పినది అప్పుడు చేసిరి. శత్రువు నెదిరించుటకంటె మిత్రులను కాదనుట కష్టము. నారాయణరెడ్డిగారి జీవితమున 1938 నాటి చెఱకంటె ఈ ఏకాకితనమే గొప్ప సత్యాగ్రహమని మాకు తోచును. సత్యమును పట్టుకొనుట యన్న అర్థమున.

ఇదే 1951లో మఱియొక సంగతి వారి తాలూకాలోనే జరిగెను. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు వచ్చిన వినోబాభావేగారు కాలినడకను తిరుగుచు ఏప్రిలు 18వ తేదీన పోచంపల్లి చేరిరి. అక్కడి హరిజనులు 80 ఎకరముల భూమి కావలెననిరి. సభలోనున్న వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరము లిచ్చెదననిరి. భూదానోద్యమ మట్లు పుట్టినది. భయమువలన ఇచ్చిరని కొందఱు, దయవలన ఇచ్చిరని కొందఱు అందురు. సంగము ఆ ప్రాంతమున ఏడెనిమిదేండ్లు పనిచేసియుండనిచో ఆ సభలో హరిజనులు నోరు తెఱచి భూమి యడుగగలిగియుండెడివారా యని మా సందేహము. 1950లో బూర్గుల రామకృష్ణారావుగారు రెవిన్యూ మంత్రిగా నుండగా కౌలుదారీ చట్టము వచ్చెను. ఒకే జిల్లాల జంటనుండి ఒకరు చట్టముతో, ఒకరు సంగముతో, ఒకరు దానముతో భూమిప్రశ్నను పట్టుకొనిరి. నారాయణరెడ్డిగారు తమ భూములలో గణనీయ భాగమును బీదలకు పంచి ఇచ్చినవారు గనుక ఈ మాట వారి నోట అందముగా నుండెను.

1952 సాధారణ ఎన్నికలలో ప్రజాస్వామిక ఫ్రంటు పక్షమున వారు నల్లగొండనుండి లోకసభకు నిలిచిరి. వచ్చిన వోట్లు 3,09,162. దేశమున అంతకుమించి ఎవరికిని రాలేదు. నెహ్రూగారికి వచ్చినవి 2,33,571. ఈ పోలిక అన్యాయమని, నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గమని ఒక మిత్రుడు మాతో వాదించెను. నెహ్రూగారి నియోజకవర్గమును ద్విసభ్యమే యని చెప్పి యూరకుంటిమి. నాలుగేండ్లక్రిందట తుపాకుల మధ్య నడచిన పల్లెలు ఒక్క యేడు వోటు పెట్టెలవద్ద వరుసలో నిలిచినవి. తుపాకి దింపుమన్నందులకు ద్రోహి యనిపించుకొన్నవానిని ఆ పల్లెలే దేశమునందెల్ల హెచ్చు వోట్లతో పంపినవి. వెట్టికి పోమన్న నోళ్లే ఇప్పుడు వోటు వేసినవి. వాని కవి రెండు పనులుగా తోచియుండవు.

తరువాతి చరిత్ర శాంతమైనది. 1957లో భువనగిరినుండి శాసనసభకును, 1962లో నల్లగొండనుండి మఱల లోకసభకును ఎన్నికైరి. 1964లో వారి పక్షము చీలినప్పుడు భారత కమ్యూనిస్టు పార్టీలోనే నిలిచిరి. తెలంగాణ పోరాటమును గూర్చి తమ యనుభవములను గ్రంథములుగా వ్రాసిరి. ఆ గ్రంథములలో తమ పక్షమును, ప్రతిపక్షమును, తమను తామును తూచుకొనుటకు జంకలేదు. మన యువకులు వానిని చదువవలెనని మా కోరిక. రెడ్డి పేరు గల నాయకుడని గాక, తన కాలమును దాచక చెప్పినవాడని చదువవలెను.

1991 సెప్టెంబరు 7వ తేదీన వారు దివంగతులైరి. అప్పటికి 83 ఏండ్లు. మఱుసటి యేడు భారత ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదము నిచ్చి గౌరవించినది. హైదరాబాదు బంజారాకొండలలో వారి పేర స్మారక భవనమొకటి వెలసియున్నది. జిల్లాలు పునర్విభజింపబడినందున బొల్లేపల్లి 2016నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. కడవెండి జనగామ జిల్లాలోను, చిలుకూరు సూర్యాపేట జిల్లాలోను, షాదునగరు రంగారెడ్డి జిల్లాలోను ఉన్నవి. యాత్రగా చూడగోరు సభ్యులు నల్లగొండలో వెదకి తిరుగకుందురుగాక.